నాటకంపై జవాబు రాద్దాం – 4వ పాఠం: మనకు తెలుసు, పాత్రకు తెలియదు

పోయిన పాఠానికి రాసిన పేరా ఒకసారి తీయండి. అందులో 'ఆ తర్వాత', 'అప్పుడు' అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. మూడు దాటితే మీరు జవాబు బదులు కథ రాశారన్నమాట. పేపరు దిద్దేవారికి కథ తెలుసు. ఆ సన్నివేశం చూసేవాళ్ల మీద ఎలా పనిచేస్తుందో మీరు చెప్పాలి.

ఈసారి 'కన్యాశుల్కం' తీసుకుందాం. 1897లో అచ్చయింది, గురజాడ అప్పారావు దాన్ని బాగా పెంచి 1909లో మళ్లీ తెచ్చారు. జవాబులో ఈ సంగతి ఒక్క వాక్యం చాలు.

మామూలుగా పిల్లలు ఇలా రాస్తారు:

"లుబ్ధావధాన్లు ముసలివాడు. డబ్బిచ్చి చిన్నపిల్లను పెళ్లాడాలనుకున్నాడు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి పెళ్లి చేయించాడు. ఇది చాలా హాస్యంగా ఉంది."

ఇందులో తప్పేమీ లేదు. కానీ మార్కులు తెచ్చే మాట కూడా ఏదీ లేదు. హాస్యంగా ఉంది సరే, ఎందుకు? సన్నివేశం దగ్గర ఆగి రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈ క్షణాన ప్రేక్షకుడికి ఏం తెలుసు? వేదిక మీద ఎవరికి తెలియదు? ఇప్పుడు అదే పేరా చూడండి:

"పెళ్లికూతురు మగపిల్లవాడని మనకు ముందే తెలుసు, లుబ్ధావధాన్లుకు తెలియదు. అందుకే ఆ పెళ్లి కోసం అతను పడే ఆరాటమంతా మనకు నవ్వు తెప్పిస్తుంది. ఆడపిల్లకు వెలకట్టే ఆచారాన్ని రచయిత ఇక్కడ ఉపన్యాసంతో ఖండించలేదు. వెల చెల్లించినా చేతికి పిల్లే దక్కకుండా చేసి, ఆ బేరం డొల్ల అని చూపించాడు."

చివరి వాక్యం చూశారా? నవ్వు దగ్గర మొదలై నాటకం పేరు దాకా వెళ్లింది; కన్యాశుల్కం అంటే ఆడపిల్లకు కట్టే ఆ వెలే. నాకు ఈ నాటకంలో అన్నిటికంటే ఇష్టమైన ఏర్పాటు ఇదే.

ఇలా మనకు తెలిసింది పాత్రకు తెలియకపోవడాన్ని నాటకీయ వ్యంగ్యం అంటారు. పరీక్ష టెన్షన్‌లో ఆ పేరు గుర్తురాకపోయినా కంగారుపడకండి, పై రెండు ప్రశ్నలకూ జవాబు రాస్తే విషయం వచ్చేసినట్టే. పేరు మాత్రం రాసి వదిలేస్తేనే నష్టం.

నవ్వు వచ్చే చోటే కాదు, భయం పుట్టే చోటా ఇదే పద్ధతి. షేక్‌స్పియర్ 'మక్బెత్'లో డంకన్ రాజు, మక్బెత్ కోట ముందు నిలబడి గాలి హాయిగా ఉందని మెచ్చుకుంటాడు. ఆయన్ని చంపాలన్న ఆలోచన లోపల ఉందని మనం అప్పటికే విన్నాం. ఆ మెచ్చుకోలే మన గుండె బిగబట్టేలా చేస్తుంది.

వచ్చే పాఠానికి: 'కన్యాశుల్కం' చివర వేశ్య మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి వస్తుంది. ఆ చోటు పైకి చదివి, నాలుగు వాక్యాలు రాయండి. 'తర్వాత' అన్న మాట ఒక్కసారి కూడా రాకూడదు.