ఎండలు ముదరకముందే కోరల్ పురుగుల పని పట్టండి

బెజవాడలో రీఫ్ ట్యాంకు (ఇంట్లో కోరల్స్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) ఉన్నవాళ్లు కొత్త కోరల్స్ ఏవైనా తెప్పించుకోవాలనుకుంటే ఫిబ్రవరి మొదటి వారంలోపే తెప్పించుకోండి. అప్పుడైతే మార్చి ఆఖరి వారానికల్లా 45 రోజుల క్వారంటైన్ పూర్తవుతుంది. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాటేదాకా ఒక్క ఫ్రాగ్ (పెంచడానికి కోసిన కోరల్ ముక్క) కూడా తేవద్దు. నీళ్లు 26 డిగ్రీల నుంచి 29, 30కి ఎక్కితే కోరల్ నీరసిస్తుంది. దాన్ని తినే చదునైన పురుగు ఫ్లాట్‌వర్మ్‌ గుడ్లు మాత్రం అదే వేడికి ఇంకా తొందరగా పొదుగుతాయి. నీరసించిన కోరల్ డిప్ మందుని (పురుగులు రాలేందుకు కోరల్‌ని కాసేపు ముంచే మందు) కూడా తట్టుకోలేదు.

కొనేముందు ఒక మాట. కోరల్స్ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ నుంచో, లక్షద్వీప్ నుంచో కోసుకొచ్చిన ముక్క ఎంత చవకగా వచ్చినా ముట్టుకోవద్దు. అమ్మేవాళ్లని బిల్లు, దిగుమతి కాగితాలు అడగండి.

రాత్రి బస్సు పార్సిల్ అయితే ఎండెక్కకముందే బస్టాండుకి వెళ్లి తెచ్చుకోండి. సంచిని 20 నిమిషాలు నీళ్లలో తేలనివ్వండి. సంచిలోని నీళ్లు మాత్రం ట్యాంకులో పోయవద్దు. మూడు తెల్ల టబ్బుల్లో మీ ట్యాంకు నీళ్లే తీసుకోండి: ఒకటి డిప్‌కి, రెండు కడగడానికి. రంగు టబ్బు అయితే రాలిన పురుగు కనిపించదు. అయోడిన్ డిప్ గానీ, కోరల్స్ కోసం తయారుచేసిన వేరే డిప్ గానీ సీసా మీద ఉన్న మోతాదులోనే కలపండి. అంతకు మించితే పురుగుకన్నా ముందు కోరల్ పోతుంది. మందుల షాపులో దొరికే గాయాల లోషన్ దీనికి బదులు కాదు, కొన్నిటిలో సబ్బు లాంటి పదార్థాలు కలుస్తాయి. సీసా మీద చెప్పిన సమయం అంతా సూది తీసేసిన 60 మి.లీ. సిరంజితో కొమ్మల సందుల్లోకి, అడుగుకి నీళ్లు గట్టిగా చిమ్ముతూ ఉండాలి. మందు పురుగుకి పట్టు తప్పిస్తుంది, దాన్ని రాల్చేది ఈ చిమ్మడమే.

చాలామంది డిప్‌తో పని అయిపోయిందనుకుంటారు. ట్యాంకులు పోయేది అక్కడే. డిప్ గుడ్లని చంపదు. కొమ్మలుగా పెరిగే అక్రోపోరా కోరల్‌ని తినే ఫ్లాట్‌వర్మ్ గుడ్లు కొమ్మ మొదట్లో, చర్మం లేని అస్థిపంజరం మీద, గోధుమ రంగు గుంపులుగా అతుక్కుని ఉంటాయి. పురుగు తిన్న కోరల్ రంగే పురుగుకీ వస్తుంది కాబట్టి మామూలుగా చూస్తే కనిపించదు. లేత గుండ్రటి కొరుకుడు మచ్చలు, ముడుచుకున్న పాలిప్స్ (కోరల్ మీది చిన్న నోళ్లు), మొదట్లో వెలిసిన రంగు: ఇవే గుర్తులు. మాంటిపోరా అనే కోరల్ మీదైతే కొన్ని మిల్లీమీటర్ల తెల్ల గుల్లలేని సముద్ర నత్తలు, అంటే న్యూడీబ్రాంక్‌లు ఉంటాయి. గుడ్లు పలక అడుగున పెడతాయి. అందుకే వచ్చిన ప్లగ్‌ని (కోరల్ అంటించి ఉన్న చిన్న దిమ్మని) అలాగే వాడకుండా బోన్ కట్టర్‌తో కోసి పారేయండి. చచ్చిన భాగాన్ని కూడా కత్తిరించి, మిగిలినదాన్ని జెల్ సూపర్‌గ్లూతో కొత్త ప్లగ్‌కి అంటించండి. కనిపించిన గుడ్లని బ్లేడుతో గీకేయాలి.

క్వారంటైన్‌కి 40 లీటర్ల గాజు ట్యాంకు చాలు. అడుగున ఇసుక, రాయి వద్దు. పెద్ద ట్యాంకులో నెల రోజులు నానిన స్పాంజ్ ఫిల్టర్, నీళ్లు కదిపే చిన్న వేవ్‌మేకర్, లైటు ఉండాలి. ఉప్పునీటి సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.025 దగ్గర నిలపండి. వారానికొకసారి డిప్, ఆరు వారాలు. గుడ్ల నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు మళ్లీ గుడ్లు పెట్టకముందే దొరికిపోవాలి. మధ్యలో ఒక్క పురుగు కనిపించినా లెక్క మళ్లీ మొదటినుంచి. సిరంజి, వల, పట్టకారు ఏవీ పెద్ద ట్యాంకుతో పంచుకోవద్దు.

ఇక ఇప్పటికే ట్యాంకులో చేరిన చీడల సంగతి. రాత్రి లైట్లు ఆపిన గంట తర్వాత ఎర్ర టార్చితో చూడండి. ఐప్టేసియాని (కోరల్స్‌ని కుట్టే కలుపు ఎనిమోన్‌ని) కోయకండి, నలపకండి. మిగిలిన చిన్న ముక్క నుంచి కూడా కొత్తది పుడుతుంది. పంపు పావుగంట ఆపి, కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్దని సిరంజితో దాని నోటి మీద పెట్టండి. తాంబూలం సున్నం వద్దు, అక్వేరియం గ్రేడే వాడండి. రోజుకి మూడు నాలుగు మించితే పీహెచ్ ఎగబాకుతుంది. ఎర్ర ప్లానేరియా (చిన్న ఎర్ర చదును పురుగులు) గుంపుగా ఉంటే మందు వేసేముందు సన్నటి గొట్టంతో వీలైనన్ని లాగేయండి. ఒక్కసారే చస్తే విషం వదులుతాయి, ఆ విషాన్ని పీల్చే తాజా యాక్టివేటెడ్ కార్బన్ సిద్ధంగా ఉండాలి.

జోవాంథిడ్స్ (గుండీల్లా గుంపుగా పెరిగే మెత్తటి పాలిప్స్) ముట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. వాటిలో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉండవచ్చు. అవి అంటుకున్న రాయిని మరిగించవద్దు, ఎండబెట్టి గీకవద్దు. ఆ ఆవిరి, ఆ దుమ్ము ఇంట్లో అందరినీ ఆసుపత్రి పాలు చేయగలవు. ఈ పని చేసేటప్పుడు పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

నీటి మీద ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది గానీ, గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో కృష్ణ ఒడ్డున అది అంతగా పనిచేయదు. ఏసీ గదో, నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రమో మార్చిలోగా ఏర్పాటు చేసుకోండి. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టుకోండి. చిన్న క్వారంటైన్ ట్యాంకు పెద్దదానికన్నా ముందే వేడెక్కుతుంది, థర్మామీటర్ ముందు దానికే పెట్టండి.