దగ్గు రాకముందే బిగించాలి

దగ్గినప్పుడో, తుమ్మినప్పుడో, నీళ్ల బిందె ఎత్తినప్పుడో కొద్దిగా మూత్రం జారిపోతోందని చెప్పుకోవడానికి సిగ్గుపడి, ఏళ్ల తరబడి పెళ్లిళ్లకూ ప్రయాణాలకూ దూరంగా ఉండిపోయే స్త్రీలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. కాన్పుల తర్వాత ఇది మామూలేనని సరిపెట్టుకోనక్కరలేదు. దగ్గు వస్తున్నట్టు తెలియగానే, అపానవాయువును ఆపుకుంటున్నట్టుగా మలమూత్ర ద్వారాల చుట్టూ ఉన్న కండరాలను లోపలికీ పైకీ బిగించి, దగ్గు పూర్తయ్యేదాకా పట్టి ఉంచి, ఆపైన పూర్తిగా వదలాలి. పొట్టలో ఒత్తిడి పెరిగే క్షణానికే కండరం సిద్ధంగా ఉంటే మూత్రనాళానికి కింది నుంచి ఆధారం దొరుకుతుంది.

ఆ పట్టు చిక్కడానికి ఒక్కో విడతలో కనీసం 8 సార్లు చొప్పున రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలల పాటు సాధన చేయాలి. 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ప్రచారంలోకి తెచ్చిన వ్యాయామం ఇదే. ఊపిరి బిగబట్టకూడదు, పిరుదులూ తొడలూ బిగించకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని మాత్రం సాధనగా చేయవద్దు. దానివల్ల మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు.

అయితే కటి భాగంలో, అంటే పొత్తికడుపు అడుగున, ఎడతెగని నొప్పి గాని, కలయికలో నొప్పి గాని ఉన్నవారిలో ఈ కండరాలు చాలాసార్లు ముందే బిగుసుకుపోయి ఉంటాయి కాబట్టి, వారు ఇంకా బిగిస్తే బాధ పెరగవచ్చు. వారికి కావలసింది నిదానమైన శ్వాసతో కండరాన్ని వదులు చేసుకోవడం; అందుకు ఈ విభాగంలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టును కలవడమే సరైన దారి. మూత్రంలో రక్తం కనిపిస్తే ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి.