పాత సర్వర్ మార్చే ముందు 13568 ఎర్రర్ ఉందేమో చూడండి

పాత విండోస్ స్మాల్ బిజినెస్ సర్వర్ నుంచి కొత్తదానికి మారుతుంటే పని మధ్యలో ఆగిపోతోందా? ముందు ఈవెంట్ వ్యూయర్‌లో ఫైల్ రెప్లికేషన్ సర్వీస్ (సర్వర్ల మధ్య ఫైళ్లను ఒకేలా ఉంచేది) లాగ్ తెరవండి. నిన్న గాజువాకలో ఒక షాపు సర్వర్‌లో అక్కడే 13568 ఎర్రర్, అంటే జర్నల్ ర్యాప్ (ఫైళ్ల మార్పుల చిట్టాలో ఆ సర్వీసు ఎక్కడుందో తప్పిపోవడం), ఎర్ర గుర్తుతో కనిపించింది.

మొదట సిస్‌వాల్ ఫోల్డర్‌ని (డొమైన్ పాలసీలు, లాగిన్ స్క్రిప్టులు ఉండేది) వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, ఇది మాత్రం మానొద్దు. తర్వాత ఎన్‌టీఎఫ్‌ఆర్‌ఎస్ సర్వీసు, అంటే ఆ ఫైల్ రెప్లికేషన్ సర్వీసే, ఆపండి. రిజిస్ట్రీలో ఆ సర్వీసు పారామీటర్స్ కింద బ్యాకప్/రిస్టోర్, అందులో ప్రాసెస్ ఎట్ స్టార్టప్ ఉంటుంది. అక్కడి బర్‌ఫ్లాగ్స్ అనే విలువకి హెక్సాలో డీ4 (ఈ సర్వర్ ఫైళ్లే అసలైనవి అని అర్థం) ఇచ్చి సర్వీసు మళ్లీ స్టార్ట్ చేయండి. లాగ్‌లో 13516 (సిస్‌వాల్ సిద్ధమైందనే సందేశం) వచ్చాకే మైగ్రేషన్ మొదలుపెట్టండి.

డొమైన్ కంట్రోలర్ (నెట్‌వర్క్‌లో లాగిన్లు చూసే సర్వర్) ఒక్కటే ఉన్నచోటికి ఇది సరిపోతుంది. రెండోది కూడా ఉంటే, ఫైళ్లు సరిగ్గా ఉన్నదానికే డీ4, మిగిలినదానికి డీ2 (మంచి సర్వర్ నుంచి ఫైళ్లు తెచ్చుకోమని అర్థం). తారుమారైతే మంచి ఫైళ్లు పోతాయి.