రెండో పెళ్లిరోజు దాటినా రాని గ్రీన్ కార్డు: ఈలోగా ఏం చేయాలంటే

మా పెళ్లి 2024 జనవరిలో అయింది. మా ఆయన అమెరికా సిటిజన్. నేనప్పుడు ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద, చదువయ్యాక పనిచేయనిచ్చే ఓపీటీలో ఉద్యోగం చేస్తున్నాను. ఆగస్టులో ఐ-130 (భాగస్వామి కోసం సిటిజన్ వేసే పిటిషన్), ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) కలిపి యూఎస్‌సీఐఎస్‌కి (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) పంపాం, వాటితోపాటే వర్క్ పర్మిట్‌కి ఐ-765, ప్రయాణాలకి ఐ-131. సెప్టెంబర్‌లో వేలిముద్రలకి పిలిచారు. ఇంటర్వ్యూకి పిలిచింది మాత్రం 2026 ఫిబ్రవరిలో. ఆ మధ్య ఏడాదిన్నరలో నేను చేసినవీ, చేయకుండా వదిలేసి దెబ్బ తిన్నవీ ఇక్కడ రాస్తున్నా. నేను లాయర్ని కాను. మీ కేసులో పాత ఓవర్‌స్టే (గడువు దాటి దేశంలో ఉండిపోవడం) లాంటి చిక్కేమైనా ఉంటే ఇది చదివి ఊరుకోకుండా లాయర్ని కలవండి.

ముందు కేసు ఎక్కడుందో చూపించే ఆ స్టేటస్ పేజీ సంగతి. మొదటి మూడు నెలలు రోజుకి పదిసార్లు చూసేదాన్ని, అర్ధరాత్రి మెలకువొస్తే కూడా. అక్కడ అదే వాక్యం, అదే తేదీ. చివరికి మా ఆయన నా ఫోన్‌లోంచి ఆ యాప్ తీసేసి, శనివారం పొద్దున కాఫీ తాగుతూ తన ల్యాప్‌టాప్‌లో ఇద్దరం ఒక్కసారి చూసేట్టు ఒప్పందం పెట్టాడు. మార్పు ఉంటే ఎలాగూ ఈమెయిల్ వస్తుంది. అసలు కాగితాలొచ్చేది పోస్టులో కాబట్టి కన్ను వేయాల్సింది పోస్టు డబ్బా మీద. యూఎస్‌పీఎస్ (అమెరికా పోస్టల్ శాఖ) వాళ్ల ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీలో చేరితే ఆ రోజు రాబోయే కవర్ల ఫోటోలు పొద్దున్నే ఈమెయిల్‌కి వస్తాయి. ఉచితం.

నేను దెబ్బ తిన్నది అడ్రస్ దగ్గరే. ఆ నవంబర్‌లో ఇల్లు మారాం. మారిన పది రోజుల్లోగా తెలపాలన్నది రూలు, ఆన్‌లైన్‌లో తెలిపాను కూడా. కానీ ఐ-485 రసీదు నంబర్ ఒక్కటే రాశాను. ఒక ఇంటికి ఒక అడ్రస్సే కదా, ఒకసారి చెబితే సరిపోతుందనుకున్నా. పెండింగ్‌లో ఉన్న ప్రతి ఫారానికీ రసీదు నంబర్ వేరు, అన్నీ రాయాలి. నా వర్క్ పర్మిట్ కార్డు పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్లి తిరుగు టపాలో పోయింది. మళ్లీ అది చేతికొచ్చేసరికి ఆరు వారాలు, అన్నాళ్లూ జీతం లేదు. ఐ-130 మీ భాగస్వామి వేసింది గనక ఆ నంబర్ మీదా అడ్రస్ మారిందో లేదో చూసుకోండి. పోస్టాఫీసులో ఫార్వర్డింగ్ పెట్టుకున్నాం కదా అని ధీమాగా ఉండొద్దు.

ఆలస్యంలో జనం పట్టించుకోనిది ఇంకోటుంది. కేసు కదలకపోయినా కాగితాలు పాతబడుతూనే ఉంటాయి. మేం వేసినప్పుడు ఐ-864తో (భాగస్వామిని పోషించగలనని ఇచ్చే హామీ పత్రం) 2023 ట్యాక్స్ రిటర్న్ పెట్టాం. ఇంటర్వ్యూ నాటికి అది మూడేళ్ల కిందటి లెక్క. అందుకే వంటింటి అలమరలో ఒక అకార్డియన్ ఫోల్డర్ పెట్టాం. మూడు నెలలకోసారి అందులోకి జాయింట్ బ్యాంక్ స్టేట్‌మెంట్, ఇద్దరి పేస్టబ్‌లు (జీతం రసీదులు), కరెంటు బిల్లు, కారు ఇన్సూరెన్స్ చేరతాయి. ఏప్రిల్ తర్వాత ఇద్దరం కలిపి వేసిన ట్యాక్స్ రిటర్న్, ఐఆర్‌ఎస్ (ట్యాక్స్ శాఖ) ఇచ్చే ట్రాన్‌స్క్రిప్ట్. ఇంటర్వ్యూ నోటీసు వచ్చాక వెతుక్కుంటే ఒక్కటీ టైముకి దొరకదు. మెడికల్ పరీక్ష, అంటే ఐ-693, 2024 డిసెంబర్ 2 నుంచి ఐ-485తో పాటే పంపాలి. మేం అంతకుముందే వేసి, తర్వాత తెస్తామనుకున్నాం. అది పంపమంటూ ఆర్‌ఎఫ్‌ఈ, అంటే ఇంకా ఆధారాలు కావాలన్న నోటీసు, వచ్చింది. ఆర్‌ఎఫ్‌ఈ వస్తే అందులో రాసిన గడువే గడువు, పెంచరు. అడిగినవన్నీ ఒకేసారి పంపాలి.

పుట్టిన సర్టిఫికెట్ ఆలస్యంగా రిజిస్టర్ అయినవాళ్లు ఈ ఖాళీలోనే ఇద్దరు పెద్దవాళ్ల చేత అఫిడవిట్లు రాయించి పెట్టుకోండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, అనువదించినవాళ్ల సంతకంతో సహా ఉండాలి.

ఫోటోల గురించి ఒక మాట. కొన్నాళ్లు మా కాపురమంతా ఎవిడెన్స్ అయి కూర్చుంది. ఎక్కడికెళ్లినా మా ఆయన "ఇది ఫైల్‌కి బాగుంటుంది, కాస్త నవ్వు" అనేవాడు. ఒకరోజు గొడవే అయింది. నా లెక్కలో ఇద్దరి పేర్ల మీద ఉన్న ఒక లీజు ముందు యాభై సెల్ఫీలు దిగదుడుపు. పండగలకీ, ఇద్దరి ఇళ్లవాళ్లూ ఉన్నప్పుడూ తీసినవి పదిహేను చాలు.

వర్క్ పర్మిట్ గడువు క్యాలెండర్‌లో ఎర్రగా రాసుకోండి. నాకు ఐదేళ్లకి ఇచ్చారు. 2025 డిసెంబర్ 5 నుంచి ఆ గడువును గరిష్ఠంగా 18 నెలలకి తగ్గించారు. పైగా 2025 అక్టోబర్ 30న గానీ, ఆ తర్వాత గానీ రెన్యువల్ వేసినవాళ్లకి, పాత కార్డు దానంతటదే పొడిగింపయ్యే 540 రోజుల వెసులుబాటు లేదు. గడువుకి 180 రోజుల ముందు నుంచే రెన్యువల్ వేసుకోవచ్చు. ఆ మొదటి రోజే వేయండి. మీకు హెచ్-1బీ వర్క్ వీసా ఉంటే, గ్రీన్ కార్డు వస్తుంది కదా అని దాన్ని వదులుకోకండి. ఈ కేసు తిరగబడితే కాళ్ల కింద నేల అదే.

ఇక ప్రయాణం. ఐ-485 పెండింగ్‌లో ఉండగా అడ్వాన్స్ పెరోల్ (ఐ-131తో వచ్చే, వెళ్లి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) లేకుండా దేశం దాటితే కేసు వదిలేసుకున్నట్టే లెక్క. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎల్-2 (ఉద్యోగ వీసాలు, వాటి కుటుంబ వీసాలు) వాళ్లకి, ఆ హోదా, వీసా సరిగ్గా ఉంటే మినహాయింపు ఉంది. నాలాంటి ఎఫ్-1 వాళ్లకి లేదు. 2024 అక్టోబర్‌లో నాన్నకి బైపాస్ అన్నారు, నా పెరోల్ ఇంకా రాలేదు. టికెట్ కొనేసి వెళ్లిపోదామని ఏడ్చాను. ఆ రాత్రి మా ఆయన యూఎస్‌సీఐఎస్ కాంటాక్ట్ సెంటర్‌కి ఫోన్ చేసే నంబర్ వెతికాడు. ఇలాంటప్పుడు లోకల్ ఆఫీసులో ఎమర్జెన్సీ అపాయింట్‌మెంట్ అడగొచ్చు. వెళ్లేటప్పుడు కొత్తగా నింపిన ఐ-131, ఫోటోలు, ఐ-485 రసీదు, ఆస్పత్రి ఉత్తరం తీసుకెళ్లాలి. ఉత్తరం మీదే అంతా ఆధారపడుతుంది: లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో, ఆపరేషన్ తేదీ, డాక్టర్ సంతకం, ఫోన్ నంబర్. మొదట తమ్ముడు ప్రిస్క్రిప్షన్ ఫోటో వాట్సాప్‌లో పంపాడు, అది పనికిరాదు. ఉత్తరం తెప్పించాక నాలుగో రోజుకి పెరోల్ చేతికొచ్చింది. చెల్లెలి పెళ్లి, గృహప్రవేశం లాంటివి ఈ దారిలో నడవవు, ఆశ పెట్టుకోకండి.

కేసు కదిలించడానికి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, కానీ వరసలో చేయాలి. యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో ప్రాసెసింగ్ టైమ్స్ పేజీ తెరిచి మీ ఫారం, మీ ఆఫీసు ఎంచుకోండి. అక్కడ కనిపించే నెలల అంకె సగటు కాదు, 80 శాతం కేసులు పూర్తయ్యే సమయం. ఇంత ఆలస్యం మామూలేనని తెలిసిన రోజు నాకు సగం భారం దిగింది. మీ రసీదు తేదీ అక్కడే పెడితే ఎంక్వయిరీకి అర్హులో కాదో చెబుతుంది. అర్హత రాకముందే అడిగితే వచ్చేది రెడీమేడ్ జవాబే. అదీ తేలకపోతే మీ ప్రాంత కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు. మీరు ఓటరు కాకపోయినా ఆ ప్రాంతంలో ఉంటే చాలు. వెబ్‌సైట్‌లో ప్రైవసీ రిలీజ్ ఫారం (మీ కేసు వివరాలు వాళ్లకి చెప్పడానికి అనుమతి) ఉంటుంది, సంతకం పెట్టి రసీదులతో పంపాలి. కథంతా రాయకుండా నంబర్లు, తేదీలు, ఎక్కడ ఆగిందన్నది ఒక పేరాలో చెప్పండి. మా కేసులో జవాబు మూడు వారాలకి వచ్చింది, "ఇంటర్వ్యూ క్యూలో ఉంది" అని. పెద్ద వరమేం కాదు గానీ, ఫైలు ఎక్కడో పోలేదని తెలిసి నిద్రపట్టింది.

ఆఖరిది కోర్టు. ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో మాండమస్ (కేసు తేల్చమని ప్రభుత్వాన్ని ఆదేశించాలని కోరే దావా) వేస్తే ప్రభుత్వం జవాబివ్వడానికి 60 రోజులు ఉంటుంది, కోర్టు ఫీజు 405 డాలర్లు, లాయర్ ఖర్చు దానికి ఎన్నో రెట్లు. కోర్టు చెప్పగలిగేది "తేల్చండి" అని మాత్రమే, "ఇవ్వండి" అని కాదు. కాగితాల్లో బలహీనత ఉన్నవాళ్లు తొందరపడితే త్వరగా వచ్చేది తిరస్కారమే. మేం వేయలేదు.

చుట్టాల సంగతీ ఉంది. "మా తోటికోడలి కూతురికి ఆరు నెలల్లో వచ్చింది, మీకేంటమ్మా ఇంకా?" అని పిన్ని ప్రతి ఆదివారం. ఎవరి ఆఫీసు వేరు, ఎవరి క్యూ వేరని చెప్పీ చెప్పీ విసిగి, ఆ డ్యూటీ అమ్మకి అప్పగించాను. అడిగినవాళ్లందరికీ అమ్మే "వస్తే మేమే చెబుతాం" అనేస్తుంది.  ఆ మాట అన్నాక పిన్ని అడగడం మానేసింది.

ఒక ఓదార్పు మాత్రం నిజం. కార్డు మంజూరయ్యే రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల కండిషనల్ కార్డే ఇస్తారు, ఆ షరతు తీసేయమని మళ్లీ ఐ-751 వేయాలి. నిండితే పదేళ్ల కార్డు. మా ఇంటర్వ్యూ రెండో పెళ్లిరోజు దాటిన మూడు వారాలకి వచ్చింది. సిటిజన్‌షిప్‌కి మూడేళ్ల లెక్క మాత్రం కార్డు వచ్చిన నాటి నుంచే, అప్లై చేసిన నాటి నుంచి కాదు.

ఆఫీసర్ ఇరవై నిమిషాలు మాట్లాడి, ఫోల్డర్‌లోంచి లీజు, ట్యాక్స్ రిటర్న్ తీసుకుని, ఫోటోలు చూడకుండానే పక్కన పెట్టాడు. కార్డొచ్చాక కవరు చించి మొదట చూసింది నా మొహం కాదు, కేటగిరీ. రెండేళ్లు నిండినవాళ్లకి ఐఆర్6 ఉండాలి. సీఆర్6 (కండిషనల్ కార్డు కోడ్) అని పడితే తప్పు, సరిచేయమని వెంటనే రాయాలి. నాది ఐఆర్6. ఇంటిపేరు, పుట్టినతేదీ కూడా పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం చూసి, అప్పుడు నాన్నకి ఫోన్ చేశాను.