ఇంటెల్ మ్యాక్ నుంచి ఎమ్ చిప్ మ్యాక్‌కి మారేటప్పుడు

మా టీమ్‌లో ఎవరికి కొత్త మ్యాక్ (ఆపిల్ సొంత ఎమ్ చిప్ ఉన్నది) వచ్చినా సెటప్ నా దగ్గరికే వస్తుంది. నేను ముందు తెరిచేది పాత మెషీన్‌నే. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో అప్లికేషన్స్ జాబితా తీసి, 'కైండ్' అనే కాలమ్ చూడండి. యూనివర్సల్ అని ఉంటే రెండు చిప్‌ల మీదా నడుస్తుంది, దిగుల్లేదు. ఇంటెల్ అని మాత్రమే ఉన్నవాటికి కొత్త వెర్షన్ వెతకాలి. దొరక్కపోతే ఆపిల్ ఇచ్చే రొసెట్టా 2 ఆ కోడ్‌ని అనువదించి నడుపుతుంది. కానీ కర్నెల్ ఎక్స్‌టెన్షన్లను (సిస్టమ్ లోపలే కలిసి నడిచే డ్రైవర్ల లాంటివి) అది ముట్టుకోదు. కాబట్టి పాత ఆడియో కార్డు లాంటివి ఉంటే డ్రైవర్ సంగతి ముందే తేల్చుకోండి.

డెవలపర్లకు నా సలహా: పాత మ్యాక్‌లోవి కొత్తదాంట్లోకి కాపీ చేసే మైగ్రేషన్ అసిస్టెంట్ జోలికి పోవద్దు. అది పాత హోమ్‌బ్రూని (టెర్మినల్ నుంచి సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే టూల్) ఉన్నదున్నట్టు మోసుకొస్తుంది, అదేమో ఇంటెల్‌ది. కొత్త హోమ్‌బ్రూ ఉండేది వేరే ఫోల్డర్‌లో. రెండూ కలిశాయంటే ఏ పైథాన్ ఎక్కణ్ణుంచి నడుస్తోందో పట్టుకోవడం పెద్ద తలనొప్పి. పాతదాంట్లో 'బ్రూ బండిల్ డంప్' కొట్టి, వచ్చిన జాబితా ఫైల్‌తో కొత్తదాంట్లో తాజాగా ఇన్‌స్టాల్ చేసుకోండి.

అసలు టెన్షన్ అప్లికేషన్లను ఇమేజ్‌లుగా ప్యాక్ చేసే డాకర్‌తోనే. కొత్త మ్యాక్‌లో మామూలుగా బిల్డ్ చేస్తే ఇమేజ్ ఆర్మ్‌కి, అంటే ఎమ్ చిప్ రకానికి తయారవుతుంది. సర్వర్ ఇంకా ఎక్స్86 (ఇంటెల్ రకం) అయితే అక్కడ 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' ఇచ్చి కూర్చుంటుంది. బిల్డ్ కమాండ్‌లోనే ప్లాట్‌ఫామ్ రాయండి, లేదా డాకర్‌లోనే ఉండే బిల్డ్‌ఎక్స్‌తో రెండింటికీ చేయండి.

చివరగా టెర్మినల్‌లో 'యునేమ్ హైఫన్ ఎమ్' కొట్టండి. ఆర్మ్64 రావాలి. ఎక్స్86_64 అని వస్తే మీ టెర్మినలే రొసెట్టాలో నడుస్తోంది. ఆ టెర్మినల్ యాప్ గెట్ ఇన్ఫోలో 'ఓపెన్ యూజింగ్ రొసెట్టా' టిక్కు ఉంటే తీసేసి మళ్లీ తెరవండి.