నాన్న కష్టం కథ ఫోన్లో రికార్డ్ చేసుకోవడం ఎలా

ఊళ్ళో కూలికెళ్ళి, పాలేరుతనం చేసి మనల్ని పెంచిన నాన్నని కూచోబెట్టి నీ జీవితం గురించి చెప్పు అంటే ఏముందిరా చెప్పడానికి అని లేచెళ్ళిపోతారు, అందుకే పని గురించి అడగండి. పాలేరుగా కుదిరితే ఏడాదికి ఎన్ని బస్తాలు ఇచ్చేవాళ్ళు, కూలి గింజలు ఏ కుంచంతో కొలిచేవాళ్ళు, కోతలకి ఏ ఊళ్ళు పోయారు, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు... ఎడ్ల పేర్లు అడిగితే చాలు, ఇంక ఆపకుండా చెప్తారు నిజంగా.

తారీకులు గుర్తుండవు. కృష్ణా జిల్లా వాళ్ళైతే 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనకి ముందా తర్వాతా అనండి, గోదావరి వైపు 1986 వరద, సాగర్ ఆయకట్టులో 1967లో కాలవకి నీళ్ళొదిలిన ఏడు, లేదా 1983లో వచ్చిన రెండ్రూపాయల కిలో బియ్యం. అక్కణ్ణుంచి పెళ్ళి, పిల్లలు పుట్టిన ఏళ్ళు లెక్క దొరుకుద్ది.

అమ్మని పక్కనే కూచోమనండి. మధ్యలో కాదు కాదు అట్టా జరగలేదు అంటుంది, ఆపొద్దు, అసలు సంగతులు అక్కడే బయటపడతాయి, ఆవిడా నాట్లేసి కోతలు కోసిన మనిషే కదా.

ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఫ్యాన్ ఆపేయండి. కన్నీళ్ళొస్తే వెంటనే ఇంకో ప్రశ్న అడగకండి, కాసేపు ఊరుకోండి. ఫైల్‌కి పేరు, తారీకు పెట్టి ఆ రోజే అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ పంపేయండి, ఒక్క ఫోన్లోనే ఉంచితే ఎప్పుడో పోద్ది.