హవాయి వారి ‘హౌలే’ అనే మాటను ఎలా అర్థం చేసుకోవాలి, ఎక్కడ వాడకూడదు

మా ప్రకాశం జిల్లాలో కాగితం మిల్లులకు కర్ర అమ్మడానికి రైతులు పెంచే సుబాబుల్ చెట్టు హవాయి దీవులలోనూ విరివిగా ఉంది. అక్కడ దానిని ‘కోవా హౌలే’ అంటారు. కోవా ఆ దీవుల సొంత చెట్టు, పూర్వం దాని మానును తొలిచి పడవలు చేసేవారు. కోవా లేత మొక్క ఆకును పోలిన ఆకుతో బయటి నుంచి వచ్చిన చెట్టు కనుక సుబాబుల్‌కు ఆ పేరు పెట్టారు. సీమచింత, సీమసున్నం అన్నప్పుడు మన ‘సీమ’ చేసే పనినే అక్కడ ‘హౌలే’ చేస్తుంది, కాకపోతే వారి భాషలో అది పేరుకు వెనుక చేరుతుంది. ఉద్యోగానికో చదువుకో ఆ దీవులకు వెళ్ళేవారు, ‘విదేశీ’ అనే అర్థంతో మొదలై ఇప్పుడు ఎక్కువగా తెల్లవారిని ఉద్దేశించే ఈ మాటను ముందు చెట్టు మీద చూసి, తరువాత మనిషి మీద చూడటం మేలు.

హైదరాబాదు వైపు తెలివితక్కువవాడని తిట్టడానికి వాడే ‘హౌలే’కు దీనితో ఏ సంబంధమూ లేదు. పిల్లలు ఫోనులో ఈ మాట చెప్పినప్పుడు ఇంట్లో పెద్దలు పొరబడకుండా ఆ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

‘హా’ అంటే ఊపిరి, ‘ఓలె’ అంటే లేకపోవడం, ముక్కుకు ముక్కు ఆనించి ఊపిరి పంచుకొనే అక్కడి పలకరింపు తెల్లవారికి తెలియదు కనుక వారిని ‘ఊపిరి లేనివారు’ అన్నారు అనే వివరణ మీకు తప్పక వినిపిస్తుంది. వినడానికి బాగున్నా దానిని నమ్మి ఇతరులకు చెప్పకండి. ఆ వ్యుత్పత్తికి కావలసిన దీర్ఘం గాని, గొంతులో మాట క్షణకాలం ఆగే నొక్కు గాని ‘హౌలే’లో లేవు.

పూర్వం ఏ విదేశీయునికైనా, విదేశీ వస్తువుకైనా చెల్లిన ఈ మాట ఇప్పుడు ప్రధానంగా తెల్లవారికే నిలిచింది. అయితే ఒంటి రంగు ఒక్కటే కొలత కాదు. 1878 నుంచి చెరకు తోటలలో కూలికి వచ్చిన పోర్చుగీసు వారు ఐరోపా వారే అయినా వారిని హౌలేలలో లెక్కించలేదు. తోటల యజమానులదీ, వారి వర్గానిదీ ఆ పేరు. 1893లో అమెరికన్, ఐరోపా వర్తకుల బృందం లిలియువోకలాని రాణిని గద్దె దించింది, 1896లో బడులలో బోధనాభాషగా ఇంగ్లీషును చట్టం చేశారు, 1898లో అమెరికా ఆ దీవులను కలుపుకొంది. తమ నేల మీద తమ మాటే బడి బయట నిలబడవలసి వచ్చిన ప్రజల నోట ‘బయటివాడు’ అనే పదం ఎంత బరువెక్కుతుందో తెలుగు కోసం పట్టుబట్టే మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ బరువు ఎప్పుడు పైకి తేలుతుందో పసిగట్టడమే అసలు నేర్పు. నెల్లూరు బజారులో “ఆ అరవాయన కొట్లో అడగండి” అంటే అది ఆనవాలు చెప్పడం మాత్రమే. తగాదాలో “ఈ అరవోళ్ళంతా ఇంతే” అంటే అదే పదం ముల్లవుతుంది. హౌలే కూడా అంతే. స్నేహితుల మధ్య, తెల్లవారు తమను తామే చెప్పుకొనేటప్పుడు అది వట్టి గుర్తు. ముందు ఒక బూతు చేర్చి గొంతు పెంచి అంటే అవమానం. కనుక పదాన్ని పట్టుకొని తీర్పు చెప్పక, ఎవరు, ఎవరిని, ఏ గొంతుతో అన్నారో చూడండి. మీరు మాత్రం ఎవరినీ అలా పిలవకండి. అక్కడ పుట్టి పెరిగిన వారికి దాని మీద ఉన్న చనువు నిన్న విమానం దిగిన మనకు లేదు.

భారతీయులను సాధారణంగా హౌలే అనరు. కొత్తగా వచ్చినవారు ఎవరైనా ‘మలిహిని’. అందులో చిన్నచూపు లేదు, మిమ్మల్ని మీరు నిస్సంకోచంగా అలా చెప్పుకోవచ్చు. చిరకాలంగా అక్కడ నివసించేవారు ‘కమఆయినా’, అంటే ‘నేల బిడ్డ’. అక్కడ తరాలుగా ఉన్న తెల్లవారు ఒకే సమయంలో హౌలేలూ, కమఆయినాలూ కావచ్చు. హోటళ్ళలో ‘కమఆయినా ధర’ అని కనిపిస్తే అది అక్కడి నివాసులకు ఇచ్చే తగ్గింపు. నివాసానికి ఆధారం చూపమంటారు కనుక, అది చేతికి వచ్చేదాకా మలిహిని ధరే చెల్లించండి.